దారి పక్క పాతరాయికి బోర్డు పెట్టాలంటే

పాతరాయి కంటపడగానే చాలామంది చేసే మొదటి పని, దాని మీది అక్షరాలను ఫోనులో ఫోటో తీయడం. నేను చెప్పే పద్ధతిలో అది నాలుగో పనో ఐదో పనో అవుతుంది. సర్వే శాఖలో గొలుసుతో మొదలుపెట్టి, టేపు మీదుగా జీపీఎస్ పెట్టె దాకా వచ్చి రిటైరైనవాణ్ణి నేను. జమ్మలమడుగు, ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు పొలం గట్లన్నీ ఆ ఉద్యోగంలోనే తిరిగాను. రాయి మీద ఏముందన్నది ఎంత సాక్ష్యమో, రాయిని ఎక్కడ పాతారన్నదీ అంతే సాక్ష్యమని సర్వేయరుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అక్షరాలు అరిగిపోయినా చోటు ఏదో ఒకటి చెబుతుంది. చోటు తప్పిన రాయిని ఎంత భద్రంగా దాచినా సగం సంగతి పోయినట్టే.

మన సీమలో ఇలాంటి రాళ్ళు ఇంత విరివిగా ఉండటానికి కారణముంది. ఈ నేల ఎప్పుడూ ఎవరో ఇద్దరి మధ్య సరిహద్దుగానే బతికింది. రేనాటి చోళుల కాలంలో పల్లవులు ఒకవైపు, చాళుక్యులు మరోవైపు. తర్వాత బాణులు, వైదుంబులు, నొలంబులు. ఆపైన విజయనగరం, అది పోయాక పాళెగాళ్ళు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక ఇవి దత్తమండలాలయ్యాయి. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దాదాపు ఎనభై మంది పాళెగాళ్ళతో వేగవలసి వచ్చింది. కర్నూలు నవాబు సీమ మాత్రం 1839 దాకా విడిగానే ఉంది. ఇన్ని సరిహద్దులు మారిన చోట, మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక రాయి పాతి పోయారు.

ముందు మీకు దొరికింది ఏ రకం రాయో తేల్చుకోవాలి.

ఎక్కువగా కనిపించేది వీరగల్లు. నిలువుగా పాతిన పలక, దాని మీద కత్తీ విల్లూ పట్టిన మనిషి. దగ్గరగా కూర్చుని చూడండి. జుట్టు ఏ పక్కకు ముడి వేశాడు, నడుముకు పిడిబాకు ఉందా, డాలు ఏ ఆకారంలో ఉంది, కింద పడి ఉన్నవాడు శత్రువా లేక ఆ వీరుడే రెండోసారి చెక్కబడ్డాడా, ఇవన్నీ విడివిడిగా రాసుకోవాలి. కాళ్ళ వెనుక ఆవులు వరుసగా ఉంటే పశువుల కోసం జరిగిన పోరు. పంది గానీ పులి గానీ ఉంటే వేటలో పోయినవాడు. కొన్నిటిలో పలక అంతస్తులుగా ఉంటుంది. కింద పోరు, మధ్యలో చెరో వైపు పట్టుకుని పైకి తీసుకుపోయే అప్సరసలు, పైన లింగం ముందు కూర్చున్న వీరుడు, అన్నిటికన్నా పైన సూర్యచంద్రులు. అన్ని రాళ్ళకూ ఇవన్నీ ఉండవు. గాజులు వేసుకున్న చేయి ఒక్కటే మోచేతి దగ్గర మడిచి పైకెత్తి కనిపిస్తే అది సతి రాయి. వీరుడు తన తలను తానే కోసుకుంటున్నట్టు ఉంటే అది ఆత్మబలి. శ్రీశైలంలో రెడ్డి రాజు అనవేముడు కట్టించిన వీరశిరోమండపం ఆ ఆచారానికి సంబంధించినదే.

పశువుల పోరు అంటే చిన్న దొంగతనం అనుకోవద్దు. వర్షం మీద నమ్మకం లేని నేలలో ఆస్తి అంటే మందే. పక్క రాజుతో యుద్ధం మొదలుపెట్టాలన్నా ముందు మందను తోలుకుపోవడమే పద్ధతి. అడ్డుపడి చచ్చిపోయినవాడికి ఊరు రాయి పాతింది, ఇంటివాళ్ళకు మాన్యం ఇచ్చింది. తోలుకు వచ్చినవాళ్ళలో చచ్చినవాడికి అవతలి ఊరూ రాయి పాతి ఉంటుంది. అందుకే ఒక వీరగల్లు దొరికితే చుట్టుపక్కల ఊళ్ళ పొలిమేరల్లోనూ వెతకమంటాను. వైదుంబ రాజు గండత్రినేత్రుడి కాలపు వీరగల్లుల్లో సోరెమడి యుద్ధం పేరు మళ్ళీ మళ్ళీ రావడం చూస్తే, ఒక్క పోరు ఎన్ని రాళ్ళను వదిలి పోతుందో అర్థమవుతుంది.

రెండో రకం హద్దురాళ్ళు. నాలాంటివాడికి ఇవే ఎక్కువ ఇష్టం. గొడుగు, కమండలం పట్టిన వామనుడు ఉంటే బ్రాహ్మణులకిచ్చిన భూమి హద్దు. లింగం ఉంటే శివాలయం మాన్యం, శంఖుచక్రాలు ఉంటే విష్ణ్వాలయం మాన్యం. వీటి మీద చాలాసార్లు అక్షరం ముక్క ఉండదు. అందుకని ఎవరూ పట్టించుకోరు, పొలం చదును చేసేటప్పుడు ముందుగా పోయేవీ ఇవే. ఒకటి దొరికితే అదే వరుసలో మరొకటి ఉందేమో, పాత గ్రామపటం ముందు పెట్టుకుని చూడండి. గట్టు వంకర తిరిగిన చోట, మూడు ఊళ్ళు కలిసే చోట దొరికే అవకాశం ఎక్కువ.

చెరువు శాసనాల గురించి చెప్పాలంటే పోరుమామిళ్ళ చూడాలి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో ఆ చెరువు కట్టించి, ఎలా కట్టాలో కూడా సంస్కృతంలో రాతి మీద రాయించాడు. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు ఉండాలట. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం చదివినవాడు, గట్టి నేల, మంచినీటి నది, రాతి గని, పని తెలిసిన జనం ఇలా సాగుతుంది ఆ వరుస. తర్వాత ఆరు దోషాలు. కట్ట చెమర్చడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. వీటితోపాటు రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటమూ దోషమే అన్నాడు. ఇంజనీరింగు లెక్కల మధ్యలో సరిహద్దు గొడవను చేర్చినవాడు ఈ సీమను బాగా ఎరిగినవాడు. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ పని అని కూడా అందులోనే ఉంది.

ఇక కొత్త కాలానివి. పాత మైలురాళ్ళు, ఊరి బురుజులు, కంపెనీ కాలపు సమాధులు. పత్తికొండలో 1827 జూలైలో మన్రో కలరాతో చనిపోతే గుత్తి కోట కింద పాతిపెట్టి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఇలాంటివాటికి కాగితాలు పుష్కలంగా ఉన్నాయి కాబట్టి మీ శ్రమ పెద్దగా అక్కర్లేదు.

ఊరి మధ్యలో ఉండే బొడ్డురాయి, రావిచెట్టు కింది నాగశిలలు, సర్వే శాఖ పాతిన రాళ్ళు ఈ లెక్కలోకి రావు. సర్వే రాయిని పాత శాసనమని ఫోటోలు పంపినవాళ్ళను నేను చూశాను.

రాయి దగ్గరికి వెళ్ళే ముందు ఊళ్ళోకి వెళ్ళండి. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళ కన్నా గొర్రెల కాపరులకు ఎక్కువ తెలుసు. శాసనం ఎక్కడుందని అడిగితే తలలు అడ్డంగా ఊపుతారు. రాతలున్న బండ ఎక్కడైనా ఉందా, గుర్రమెక్కిన దేవుడు ఎవరైనా పొలంలో ఉన్నాడా అని అడగండి. వీరగల్లు చాలాచోట్ల దేవుడైపోయి ఉంటుంది. ముద్దనూరు వైపు ఒక ఊళ్ళో పసుపు పూసిన వీరగల్లు దగ్గర ఒక పెద్దావిడ దీపం పెడుతోంది. "అవ్వా, ఒకసారి కొలుచుకోవచ్చా?" అని అడిగాను. "చెప్పులు విడిచి రా నాయనా, ఆయన మా ఇంటి పెద్ద. కొలుచుకో, తవ్వకపోతే చాలు" అంది.

ఆ చివరి మాట ఊరికే అన్నది కాదు. గుప్తనిధుల పిచ్చిలో వీరగల్లులను రాత్రికి రాత్రి పెకలించి పారేసేవాళ్ళు సీమ అంతటా ఉన్నారు. చచ్చిపోయినవాడి గుర్తుకు పాతిన రాయి కింద బంగారం ఎందుకు పెడతారో వాళ్ళు ఆలోచించరు. మీరు పగటిపూట, ఊరివాళ్ళను ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, పలుగూ పారా లేకుండా వెళ్ళండి. సర్కారు తుమ్మ కంప తొలగించడానికి పొడవాటి కర్ర చాలు. రాయి మొదట్లో చేయి పెట్టే ముందు ఆ కర్రతో తట్టండి. తేలు ఉంటే కదులుతుంది, పాము ఉంటే మీకన్నా ముందు అదే చెబుతుంది.

ఇప్పుడు టేపు తీయండి. నేల పైన ఎత్తు, వెడల్పు, మందం. రాయి ముఖం ఏ దిక్కుకు ఉంది, ఏ పక్కకు ఒరిగింది. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి గానీ దాని మీదే ఆధారపడవద్దు. ఫోను కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, పక్కపక్కనే రెండు రాళ్ళుంటే ఏది ఏదో తేలదు. కదలని గుర్తులు రెండు ఎంచుకుని వాటి నుంచి దూరం కొలవండి. గుడి ధ్వజస్తంభం, పాత బావి ఒర, చెరువు తూము ఇలాంటివి. కిలోమీటరు రాయి, కల్వర్టు పనికిరావు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా అవి జరుగుతాయి. సర్వే నంబరు, ఊరి పాతపేరు, ఆ పొలానికి జనం పిలిచే పేరు కూడా రాయండి. వీరుల చేను, రాతిమాన్యం, దశబంధం అని పొలానికి పేరుంటే అదే ఒక శాసనం. దశబంధం అంటే చెరువు కట్టినవాడికో, బాగు చేయించినవాడికో ఇచ్చిన మాన్యం. ఆ పేరున్న చోట చుట్టూ చూడకుండా వెనక్కి రావద్దు.

రాయి ఏ జాతిదో చూడాలి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి. అది సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూములు కడిగే ఆమ్లం ఏది పడినా పొంగి పైపొర కరుగుతుంది, దానితోపాటే అక్షరం. అనంతపురం వైపు గ్రానైట్ గట్టిది గానీ అక్షరాలు లోతు తక్కువ. ఏ రాయికైనా మెత్తని కుంచె, మంచినీళ్ళు తప్ప మరేమీ వాడవద్దు. తీగ బ్రష్షు, సుద్దముక్క, సున్నం, ఎనామెల్ రంగు ముట్టనేకూడదు. అక్షరాలు కనబడాలని గీతల వెంట సుద్దతో దిద్దితే మీరు చదివిందే ఫోటోలో పడుతుంది, రాయి మీద ఉన్నది పడదు. పసుపు, నూనె జిడ్డు పట్టిన రాయిని కడగాలంటే పూజ చేసేవాళ్ళను అడగండి. వాళ్ళు కాదంటే వదిలేయండి.

చదవడానికి వెలుతురు ముఖ్యం. మిట్టమధ్యాహ్నం ఎండలో రాయి చదునుగా కనిపిస్తుంది. పొద్దున ఏడు గంటలప్పుడో, సాయంత్రం ఐదు గంటలప్పుడో ఎండ పక్క నుంచి పడితే గీతలకు నీడ వస్తుంది, అప్పటిదాకా లేని అక్షరాలు లేచి నిలబడతాయి. రాయి ఉత్తర ముఖంగా ఉంటే ఎండ సరిగా పడదు. అలాంటప్పుడు అద్దంతో ఎండను పక్కగా మళ్ళించండి, లేదా చీకటి పడ్డాక టార్చిని రాయికి ఆనించినట్టు పట్టుకుని నాలుగు వైపుల నుంచీ వెలిగించండి. టేపు రాయి పక్కన పెట్టి మొత్తం రాయి ఒకటి, నాలుగు పక్కలూ, తర్వాత వరుసకు మూడు నాలుగు ఫోటోలు, ఒకదాని అంచు మరొకదానిలో పడేలా తీయండి. వెనుక వైపు మరవకండి, శాసనం అక్కడికి తిరిగే రాళ్ళు చాలా ఉన్నాయి. తడికాగితం అంటించి సిరా అద్ది నకలు తీసే పని మాత్రం అది తెలిసిన శాఖవాళ్ళకు వదలండి.

విజయనగర కాలపు శాసనమైతే చదవడం మీరనుకున్నంత కష్టం కాదు. స్వస్తిశ్రీ, శాలివాహన శకవర్షంబులు, ఆపైన అంకె, తర్వాత సంవత్సరం పేరు, రాజు బిరుదులు, దానం, చివరికి శాపం. ఈ వరుస తెలిస్తే సగం దారి వచ్చినట్టే. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం. తేదీ పుష్యమాసం చివరలోనో మాఘ ఫాల్గుణాల్లోనో పడితే మరొకటి కలపాలి. దాన్ని అరవై సంవత్సరాల పేరుతో సరిచూడండి. పోరుమామిళ్ళ శాసనం శక 1291, సౌమ్య. 78 కలిపితే 1369. ఇటు నుంచి చూస్తే 1987 ప్రభవ, సౌమ్య 43వది కాబట్టి రాబోయే సౌమ్య 2029. అందులోంచి అరవైలు పదకొండు తీస్తే 1369. రెండూ కలిశాయి. కలవకపోతే అంకెను తప్పు చదివారని అర్థం, మళ్ళీ రాయి దగ్గరికి పోవాలి. శాపం భాగంలో గంగ ఒడ్డున గోవును చంపిన పాపం రావడం మామూలు. చదువు రానివాడికీ అర్థం కావాలని కొన్నిచోట్ల గాడిద బొమ్మ చెక్కారు.

అంతకన్నా పాతవి మన చేతికి అందవు. కలమళ్ళ చెన్నకేశవ గుడి ఆవరణలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెబుతారు. దానిలో శక సంవత్సరం లేదు, లిపిని బట్టి కాలం కట్టారు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి శాసనాలు బ్రాహ్మీలో ఉన్నాయి, అందులో ఒకదానిలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అవి చూసి నేర్చుకోవడానికి మంచివి, చదివేశామని చెప్పుకోవడానికి కావు.

మీ రాయిని ఇంతకుముందే ఎవరైనా నమోదు చేశారేమో చూడాలి. పురావస్తు సర్వే సంస్థ శాసన విభాగం మైసూరులో ఉంది. వాళ్ళ ఏటేటి నివేదికల్లో ఊరి పేరుతో జాబితాలున్నాయి. కడప జిల్లా శాసనాలు విడిగా సంపుటాలుగానూ అచ్చయ్యాయి. వెతికేటప్పుడు పాత తాలూకా పేరుతో వెతకండి. కర్నూలు జిల్లా 1858లో, అనంతపురం 1882లో ఏర్పడ్డాయి. 2022లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి. పాత జాబితాకు ఇవేవీ తెలియవు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు కూడా పాతది వేరు, రెండు రకాలుగానూ వెతకాలి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా సేకరించిన కైఫియత్తుల్లో, అంటే ఊరి వృత్తాంతాల్లో, మీ ఊరు ఉంటే అదృష్టం. కరణాలు చెప్పిన కథ, మాన్యాల లెక్క, కొన్నిచోట్ల శాసనాల నకళ్ళు కూడా దొరుకుతాయి. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన చోట వెలసిన గ్రంథాలయంలో అడగండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. కేంద్రం రక్షిస్తున్న కట్టడమైతే 1958 చట్టం కింద చుట్టూ నూరు మీటర్లలో కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి. భూమిలో పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం చెబుతోంది. మీ దగ్గరున్న కచ్చితమైన చోటు వివరాలు పురావస్తు శాఖకు, గ్రామ సచివాలయానికి రాసి ఇవ్వండి. ఫోనుల్లో తిరిగే ఫోటోలకు మాత్రం ఊరి పేరు చాలు, పటం గుర్తు జోడించవద్దు. గుప్తనిధులవాళ్ళ దగ్గరా ఫోనులున్నాయి.

ఇక బోర్డు. మా అల్లుడు అమెరికాలో కాన్సస్‌లో ఉంటాడు. ఆ పచ్చికబయళ్ళ రాష్ట్రంలో హైవే పక్కన బండి ఆపి చదువుకునే చరిత్ర బోర్డులున్నాయని ఫోటోలు పంపుతుంటాడు. 1821లో మొదలైన శాంటా ఫే బండిబాట గురించి, కౌన్సిల్ గ్రోవ్‌లో 1825లో ఆ బాటకు దారి ఇమ్మని ఓసేజ్ తెగతో చేసుకున్న ఒప్పందం గురించి వాటిలో ఉంటుంది. ఆ బాట వేసినవాళ్ళ పేర్లు బోర్డు నిండా ఉండి, ఆ నేల ఎవరిదో వాళ్ళ పేరు చివరి వరుసలో ఉండటం చూస్తే మన వీరగల్లు గుర్తొస్తుంది. ఎవరు పాతితే వాళ్ళ మాటే. కాబట్టి మీరు రాసే బోర్డులో ఎదుటివాళ్ళ పేరు శాసనంలో ఉంటే అదీ రాయండి. కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీశారని రాసేటప్పుడు, తీసింది ఎవరో, పోరు దేని గురించో కూడా ఉండాలి.

ఐదారు వాక్యాలు మించవద్దు. పోరుమామిళ్ళకు నేనైతే ఇలా రాస్తాను: "ఈ చెరువును క్రీ.శ. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళు పని చేశాయి. చెరువు కట్టే పద్ధతి, దాని దోషాలు శాసనంలో ఉన్నాయి. రాతిని తాకవద్దు, నూనె పోయవద్దు." మహా, అద్భుత, అతి ప్రాచీన లాంటి మాటలు తీసేయండి. ప్రపంచంలోనే మొదటిది అని ఎవరైనా చేర్చమంటే ఒప్పుకోవద్దు. దాత పేరు వేయాల్సివస్తే కింద, చిన్న అక్షరాల్లో.

బోర్డును రాయికి ఆనించి పెట్టకూడదు, రాయిలో మేకు అసలే దిగకూడదు. రెండు మూడు మీటర్లు దూరంగా, రాయికి నీడ పడని వైపు, రోడ్డు నుంచి చదవగలిగే ఎత్తులో. ఆర్ అండ్ బీ హద్దులో ఉంటే వాళ్ళ రాతపూర్వక అనుమతి తీసుకోండి. లేదంటే వెడల్పు పనిలో మొదట పోయేది మీ బోర్డే, దాని వెనకే రాయి. మా వైపు ఒక రోడ్డు పనిలో వీరగల్లును కాలువ మీద పలకగా వేశారు, చెక్కిన వైపు కిందికి పెట్టి. పని మొదలయ్యే ముందు అక్కడ రాయి ఉందని రాసిచ్చిన కాగితం ఒక్కటి కూడా ఎవరి దగ్గరా లేదు. అందుకే కొలతల కాగితం నకళ్ళు నాలుగు తీయించి, ఒకటి సచివాలయంలో తారీఖు వేసిన రసీదుతో ఇవ్వండి, ఒకటి పురావస్తు శాఖకు స్పీడ్ పోస్టులో పంపండి, ఒకటి ఊరి బడిలో ఉంచండి. నాలుగోది పొలం యజమానికి. పట్టా పాసుపుస్తకంతోపాటు దాచుకోమని చెప్పండి, దాచుకుంటారు.